రేడియో గెలాక్సీల పునర్జాగరణము: సాక్ష్యవిమర్శ

రేడియో గెలాక్సీ కేంద్రమందలి కృష్ణబిలము ఒక్కమారే విజృంభించునా, ఆగి మరల మేల్కొనునా? ఈ ప్రశ్నపై సైకియా, జామ్రోజీలు 2009లో ప్రకటించిన సమీక్ష ప్రశస్తము. కేంద్రమునుండి వెడలిన ధారలు ఇరువైపుల తమ్మెలుగా వ్యాపించును. పాత జంటలోపల క్రొత్త జంట కనబడుటయే ప్రధానసాక్ష్యము. బి0925+420 అను గెలాక్సీలో 2007లో మూడు జంటలు సైతము గుర్తింపబడినవి.

క్రొత్త ఎలక్ట్రానులు రాని తమ్మెలలో హెచ్చు పౌనఃపున్యముల వెలుగు ముందుగా తగ్గును. అందుచేతనే పుణె సమీపమున ఖోడద్‌లోని 30 ఆంటెన్నాల రేడియో దూరదర్శిని తక్కువ పౌనఃపున్యములందు జరుపు పరిశీలన మిక్కిలి విలువైనది.

అయినను సాక్ష్యమునకు హద్దు కలదు. జంటలు కనబడినచోట పునరావృత్తి స్పష్టము. కనబడనిచోట అది లేదనరాదు. మిక్కిలి పాత తమ్మెలు పరికరముల కందనంతగా మసకబారియుండవచ్చును. తమ్మెల వయస్సు కూడ ఊహించిన అయస్కాంతక్షేత్రబలముపై ఆధారపడిన లెక్కయే. కనుక దొరకినవి కొద్దియే యని, పునర్జాగరణ మరుదని తీర్మానించుట తొందరపాటగును.