కుత్సిత నామములు - అర్థవిచారము

వ్యక్తినామముల అర్థమును నిర్ణయించునపుడు మన పరిశోధకులు సాధారణముగా నిఘంటువును ఆశ్రయింతురు. రాముడు, లక్ష్మి, సూర్యనారాయణ వంటి నామముల విషయమున దీనివలన పెద్ద హాని లేదు. కాని పెంటయ్య, పుల్లమ్మ, తవిటయ్య, బిచ్చమ్మ మొదలగు పేర్లకడ నిఘంటువు మనలను పెడదారి పట్టించును. పెంట యనగా చెత్తకుప్ప. పుల్లాకు ఎంగిలి విస్తరి. తవుడు పశువుల మేత. ఇంతమాత్రము వ్రాసి, ఇవి హీనార్థకములనియు, మనుస్మృతి శూద్రులకు విధించిన జుగుప్సిత నామములకు నేటికిని మిగిలిన ఆనవాళ్లనియు తేల్చుట కొందరికి పరిపాటి యైనది. ఈ నిర్ణయము ఎంతవరకు నిలుచునో పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశము.

మనుస్మృతి ద్వితీయాధ్యాయమున బ్రాహ్మణునకు మంగళమును, క్షత్రియునకు బలమును, వైశ్యునకు ధనమును, శూద్రునకు జుగుప్సను తెలుపు పేరు ఉండవలెనని చెప్పినమాట నిజము. కాని శాస్త్రము విధించినదెల్ల లోకమున అట్లే జరిగినదనుట సాహసము. ఐతరేయ బ్రాహ్మణమున అజీగర్తుడను ఋషి కుమారులు మువ్వురును శునఃపుచ్ఛుడు, శునఃశేపుడు, శునోలాంగూలుడు అని కుక్క అవయవముల పేర్లనే ధరించిరి. మన తెలుగున పుల్లారెడ్డి, పిచ్చయ్యశాస్త్రి, తవిటినాయుడు అను పేర్లు కలవు. వీని చివరనున్న రెడ్డి, శాస్త్రి, నాయుడు శబ్దములే ఇచట సాక్ష్యము. ఒక వర్ణమునకు విధించిన నిందయే యైనచో, ఇన్ని కులములవారు దానిని తమ బిడ్డలకు కోరి ఏల పెట్టుకొందురు? పిచ్చయ్య యనుటలోని పిచ్చకు ఉన్మాదమని అర్థము చెప్పుటయు తగదు. తమిళమున పిచ్చై యనగా భిక్ష. బిచ్చయ్య, భిక్షమయ్య అను రూపములతో దీనిని చేర్చుట యుక్తము.

ఈ నామములకు మూలము ఆచారమున నున్నది. పుట్టిన బిడ్డలు పుట్టినట్లే పోవుచుండగా, తరువాతి శిశువును పెంటకుప్పపై పరుండబెట్టి తెచ్చుకొనెడివారు. ఎంగిలి విస్తళ్లలో పొర్లించెడివారు. పొరుగింటి యిల్లాలి చేతికిచ్చి, తవుడు పోసి మరల కొనెడివారు. విలువలేని దానిని మృత్యువు కోరదని వారి నమ్మకము. కావున ఆ పేరు బిడ్డకు నింద కాదు, కవచము.

ఈ నమ్మకము తెలుగువారికే పరిమితము కాదు. కన్నడమున తిప్పె, తమిళమున కుప్పై, రెండును చెత్తకుప్పలే. వానినుండి తిప్పయ్య, కుప్పుసామి ఏర్పడినవి. మహారాష్ట్రులు దగడు, ధోండు అని రాతి పేరు పెట్టిరి. వంగదేశమున మూడు గవ్వలకు కొన్న బిడ్డ తీన్‌కౌడి. చైనా పల్లెలలో గౌషెంగ్ అనగా కుక్క తినక విడిచినది. తూర్పు ఐరోపా యూదులు జబ్బుపడిన పసివానిని ఆల్టర్, అనగా ముసలివాడు, అని పిలిచి మృత్యుదూతను ఏమరింపజూచిరి. తుర్కీలు వంచన మాని, దుర్సున్, అనగా నిలుచుగాక, అని ప్రార్థించిరి.

ఈ భావమునకు సాహిత్యమున ఉత్తమోదాహరణము చినువా అచెబె 1958లో ప్రకటించిన థింగ్స్ ఫాల్ అపార్ట్ నవలయందున్నది. అందలి ఎక్వెఫీ పదిమందిని కని తొమ్మండుగురిని శైశవముననే పోగొట్టుకొనును. ఆమె ఒక బిడ్డకు మృత్యువా, వేడుచున్నాననియు, మరియొక బిడ్డకు ఇట్లు మరల జరుగకుండుగాక యనియు, వేరొక బిడ్డకు మృత్యువు తనకు తోచినట్లు చేయుగాక యనియు అర్థమిచ్చు ఇగ్బో పేర్లు పెట్టును. వేడికోలు నిరాశగా మారిన తీరును రచయిత ఆ పేర్లచేతనే చెప్పించినాడు. వానిని వరుసగా చదువనివానికి ఆ తల్లి కథ తెలియదు.

అట్లని తెలుగు పేర్లలో కులభేదము లేదనరాదు. అది ప్రకృతియందు గాక ప్రత్యయమునందున్నది. ఒకే పుల్ల శబ్దము ఒకయింట పుల్లయ్యగారు, వేరొకయింట పుల్లిగాడు. మొదటి భాగము తల్లి పెట్టినది; తుదిభాగము ఊరు పెట్టినది. ఈ రెంటిని వేరుచేయక మొత్తము పేరును మనువునకు ఆరోపించినచో, తల్లి దుఃఖమును మరుగుపరచినవారమగుదుము. ఊరి దోషమును శాస్త్రముపై త్రోసి కప్పిపుచ్చినవారమును అగుదుము. ఇట్టి పేర్లను హాస్యపాత్రలకు, సేవకపాత్రలకు తగిలించు నాటకములును చలనచిత్రములును ఈ పొరపాటునే పెంచినవి.

ప్రభుత్వపు నమూనా నమోదు లెక్కల ప్రకారము భారతదేశమున వేయి సజీవ జననములకు 1971లో 129గా నున్న శిశుమరణములు 2020లో 28కి తగ్గినవి. కవచముతో పని తగ్గినకొలది ఈ పేర్లును తగ్గుట సహజము. పట్టణమునకు వచ్చి పేరు మార్చుకొన్నవారును కలరు. కావున నామసేకరణకు పూనుకొను విద్యార్థులు పేరును, దాని నిఘంట్వర్థమును వ్రాసికొని తృప్తిపడరాదు. ఆ వ్యక్తి ఎన్నవ సంతానము, ముందు పుట్టినవారేమైరి, పేరు పెట్టినదెవరు, ఊరివారు పిలిచిన రూపమేది అను నాలుగు ప్రశ్నలను తప్పక అడుగవలెను. వీనికి బదులు చెప్పగల వృద్ధులు నానాటికి తగ్గుచున్నారు. నిఘంటువు రేపును ఉండును, వారుండరు.