ఆఫీసులో ‘వన్ మోర్’

1895లో ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో లూమియేర్ సోదరులు తమ ఫ్యాక్టరీ గేటుకు ఎదురుగా కెమెరా నిలబెట్టారు. ఫొటో ప్లేట్లు తయారుచేసే ఫ్యాక్టరీ అది. తలుపులు తెరుచుకోగానే ఆడవాళ్లూ మగవాళ్లూ బిలబిలమంటూ బయటికి వచ్చారు. సైకిళ్లు, ఒక కుక్క, ఒక బండి కూడా ఉన్నాయి. నిమిషం కూడా నిండని ఆ చిత్రాన్ని అదే ఏడాది డిసెంబరు 28న పారిస్‌లోని గ్రాండ్ కఫేలో టికెట్ కొని వచ్చిన జనానికి చూపించారు. ఇప్పుడు దానికి మూడు రూపాలు దొరుకుతున్నాయి. ఒకదాంట్లో బండికి ఒక గుర్రం, ఇంకోదాంట్లో రెండు, మూడోదాంట్లో గుర్రమే లేదు. అంటే యజమానులు తమ ఉద్యోగుల చేత ఆ గేటు మళ్లీ మళ్లీ దాటించారన్నమాట. తెర మీద తొలిసారి కనిపించినవాళ్లలో ఇలా పని దిగి ఇంటికి వెళ్లే మనుషులున్నారన్న సంగతి నాకెప్పుడూ ముచ్చటగా ఉంటుంది.

నూట ముప్పై ఏళ్ల తర్వాత హైదరాబాద్ ఆఫీసుల్లో టీమ్ ఔటింగ్ పేరుతో షార్ట్ ఫిల్మ్ తీయించడం చూసినప్పుడు ఆ గేటే గుర్తొస్తుంది. వారాంతాల్లో షార్ట్ ఫిల్మ్ తీయడం మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకు కొత్త కాదు. షార్ట్ ఫిల్మ్‌ల దారినే వచ్చిన తరుణ్ భాస్కర్ 2016లో ‘పెళ్లి చూపులు’ తీశాడు. కానీ ఇక్కడ ఎవరూ దర్శకుడు కావాలని రాలేదు. టీమ్ మొత్తం వచ్చింది. తాడులాగుడు పోటీలో బలమున్నవాళ్లు లాగుతారు, మిగతావాళ్లు చప్పట్లు కొడతారు. సినిమాలో చప్పట్లు కొట్టే పని ఎవరికీ ఉండదు. క్లాప్ కొట్టే పని ఉంటుంది.

దీనికి మంచి నమూనా 2001లో వాషింగ్టన్‌లో మొదలైన ‘48 అవర్ ఫిల్మ్ ప్రాజెక్ట్’. శుక్రవారం సాయంత్రం ప్రతి బృందం కథ ఏ తరహాదో చీటీ తీస్తుంది. ఒక పాత్ర, ఒక వస్తువు, ఒక డైలాగు మాత్రం అందరికీ ఒకటే, అవి సినిమాలో తప్పకుండా కనిపించాలి. ఆదివారం రాత్రికల్లా నాలుగు నుంచి ఏడు నిమిషాల చిత్రం ఇచ్చేయాలి. ఆఫీసులో ఒక్క రోజుకు కుదించినా ఈ నియమాల్ని వదలకూడదంటాను. ‘మీ ఇష్టం’ అన్నారో, మధ్యాహ్నం భోజనం దాకా కథ మీదే వాదన సాగుతుంది. ఒక గొడుగు, ఒక అబద్ధం చెప్పే మనిషి అని ముందే చెబితే గంటలో కథ కుదురుతుంది. అది మూడు పాత్రలు, రెండు లొకేషన్లు దాటకపోతే మేలు.

అసలు కీలకం పనుల పంపకం. మేనేజర్‌ను దర్శకుడిగా పెడితే ఆ రోజు కూడా ఆఫీసే. నేను చూసిన ఒకచోట మేనేజర్‌కు క్లాప్ బోర్డు ఇచ్చారు. ఆర్నెల్ల కిందట చేరిన అమ్మాయి కంటిన్యూటీ చూస్తోంది. నాలుగో షాట్‌లో క్లాప్ పడ్డాక, “సార్, ఆగండి, ఇందాక వాచీ ఎడమ చేతికి ఉంది” అని ఆ అమ్మాయి నటిస్తున్న సీనియర్‌ను ఆపేసింది. అందరూ ఆగారు. దర్శకుడు “వన్ మోర్” అన్నాడు, మేనేజర్ కొత్త టేక్ నంబరు రాసుకుని మళ్లీ క్లాప్ కొట్టాడు. మీటింగుల్లో నోరు విప్పని మనిషి మాటకు పదిహేను మంది ఆగడం అక్కడ మొదటిసారి చూశాను. ఆ మాట ఆ అమ్మాయి చొరవతో వచ్చింది కాదు, చేతిలో ఉన్న పని పలికించింది.

షాట్ మొదలయ్యే పద్ధతిలోనే ఒక అమరిక ఉంది. అసిస్టెంట్ “సైలెన్స్” అంటాడు. “సౌండ్” అని అడిగితే మైకు దగ్గరున్నవాడు “రోలింగ్” అనాలి, కెమెరా దగ్గరున్నవాడూ అనాలి. ఆ తర్వాతే క్లాప్, ఆ తర్వాతే “యాక్షన్”. జవాబు రానిదే తర్వాతి మాట ఎవరూ అనరు. అడిగి, విని, ఆపై కదలడం గురించి గంటసేపు స్లైడ్లు చూపించినా ఇంతగా ఒంటబట్టదు.

ఫోన్‌తో తీసినా బొమ్మ బాగానే వస్తుంది. ఫోన్ అడ్డంగా పట్టుకుని, వెలుగు లాక్ చేస్తే చాలు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ 1/50 లేదా 1/100 పెడితే ఆఫీసు ట్యూబ్‌లైట్ల మిణుకు పోతుంది. చెడేది శబ్దం దగ్గర. రోజూ మన చెవికి ఆనని ఏసీ హోరు మైకులో జలపాతంలా పడుతుంది. అందుకే కాలర్ మైకు కొనండి, షాట్ జరిగినంతసేపు ఏసీ ఆపించండి.

ఇక ఎడిటింగ్. రష్యన్ నటుడు మోజుఖిన్ ముఖం షాట్‌ను సోవియట్ దర్శకుడు లెవ్ కులెషోవ్ ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన అతికించాడనీ, చూసినవాళ్లు ఒకే ముఖంలో దీర్ఘాలోచననీ దుఃఖాన్నీ చూసి నటనను మెచ్చుకున్నారనీ మరో దర్శకుడు పుడోవ్‌కిన్ రాశాడు. ఈ ప్రయోగం టీమ్‌తో చేయించి చూడండి. అకౌంట్స్‌లో పనిచేసే ఆయన మామూలుగా కిటికీలోంచి చూస్తున్న ఆరు సెకన్లు తీసుకుని, పక్కన ఒకసారి ఖాళీ కుర్చీ, ఇంకోసారి టిఫిన్ బాక్సు పెట్టండి. పక్క సీటు మనిషి మౌనాన్ని ఇన్నాళ్లూ మనం దేని పక్కన పెట్టి చదువుకున్నామో అప్పుడు తడుతుంది. ఇంత విలువైన క్షణం మరే ఆటలోనూ నాకు దొరకలేదు.

కొన్ని హద్దులు మాత్రం పాటించాలి. ఆదివారం లాక్కుని తీయించొద్దు, పని రోజే కేటాయించండి. కెమెరా ముందుకు రానన్నవాళ్లను బతిమాలొద్దు, లైటు పట్టుకోవడమూ సినిమాయే. అందరూ ఒప్పుకోకుండా బయట పెట్టొద్దు. కంపెనీ ప్రచార చిత్రంగా మార్చారా, నటించినవాళ్లే రెండోసారి చూడరు.

మన సినిమా పరిశ్రమలో షూటింగ్ కొబ్బరికాయతో మొదలై గుమ్మడికాయతో ముగుస్తుంది. ఆఫీసువాళ్లూ సరదాపడి గుమ్మడికాయ తెచ్చుకుంటారు. దాన్ని కొట్టే ముందు ఒక పని మిగిలి ఉంటుంది. ఆ గది నిశ్శబ్దాన్ని అరనిమిషం రికార్డు చేయాలి. డైలాగుల మధ్య అతుకులు వినపడకుండా ఎడిటర్ దాన్ని అడుగున పరుస్తాడు. సౌండ్ చూసే కుర్రాడు చెయ్యెత్తుతాడు. మేనేజర్, టీ తెచ్చినాయన, కొత్తగా చేరిన అమ్మాయి, అందరూ ఎక్కడివాళ్లు అక్కడే ఆగిపోతారు. ఫోన్లు మూగబోతాయి. ఆ కుర్రాడు చెయ్యి దించేదాకా ఎవరూ కదలరు.