మల్కాపురం శాసనం: మఠం చాటున ఊరు

మల్కాపురం శాసన (శక 1183, క్రీ.శ. 1261) ప్రస్తావన తెలుగు వ్యాసాల్లో తరచు రెండు మాటల దగ్గరే ఆగిపోతుంది: ప్రసూతిశాల, ఆరోగ్యశాల. కాకతీయుల కాలపు ప్రజాహితానికి ఇవి బలమైన ఆధారాలే. కానీ ఆ రెండు మాటలనూ శాసనం నుంచి విడదీసి చూపడం వల్ల మిగిలిన రచన మరుగున పడుతున్నది.

ఆ శాసనం చెప్పేది ఒక ఊరి ఏర్పాటు. గణపతిదేవుడు తన దీక్షాగురువు విశ్వేశ్వర శంభువుకు కృష్ణ దక్షిణతీరాన ఉన్న మందడం ఇస్తానన్నాడు. రుద్రమదేవి దానికి వెలగపూడిని చేర్చి ధారపోసింది. గౌడదేశపు దక్షిణరాఢ నుంచి వచ్చిన ఆ గోళకీమఠాచార్యుడు రెంటినీ కలిపి 'విశ్వేశ్వర గోళకి' అనే అగ్రహారాన్ని నెలకొల్పాడు. ఆదాయం మూడు పాళ్లయింది: శివాలయానికి ఒకటి, విద్యార్థులకూ శుద్ధశైవ మఠానికీ ఒకటి, ప్రసూతిశాల, ఆరోగ్యశాల, విప్రసత్రాలకు ఒకటి.

'విప్రసత్రం' అన్న మాట దగ్గర విమర్శకులు ఆగవలసింది. బ్రాహ్మణుల నుంచి చండాలుర వరకు అందరికీ అన్నం పెట్టాలన్న నియమాన్ని ఉత్సాహంగా ఉదాహరించేవారు ఈ పేరును, అగ్రహారంలో నిలిపిన అరవై ద్రావిడ బ్రాహ్మణ కుటుంబాలను, వేదాధ్యాపకుల నియామకాన్ని ఒక్కచోట పెట్టి చదవరు. అన్నశాల తలుపు అందరికీ తెరిచినంత మాత్రాన పాఠశాల తలుపు కూడా తెరిచారని అనుకోవడం తొందరపాటు. సమసమాజమన్న తీర్పు శాసనానిది కాదు, చదివినవారిది.

గురుపరంపర స్తుతి కన్నా వృత్తులవారి జాబితాయే ఇందులో విలువైన భాగం. వైద్యుడు, లెక్కలు రాసే కాయస్థుడు, వంటవారు, నర్తకులు, మద్దెలవారు, కాశ్మీరదేశపు గాయకుడు, కంసాలి, కమ్మరి, కుమ్మరి, వడ్రంగి, మంగలి, వీరభద్రులనే గ్రామరక్షకులు: మఠం నడవాలంటే ఎందరి చేతులు కావాలో ఇక్కడ తెలుస్తుంది. సాహిత్య పరిశోధన ఈ భాగాన్ని చరిత్రకారులకు వదిలేసింది. అది సరికాదు. కావ్యాల్లోని పురవర్ణనల పక్కన పెట్టి చూడదగిన గ్రామచిత్రమిది.

ఇంచుమించు ఆ కాలానిదే ఆర్మేనియాలోని గోష్ గ్రామం. ధర్మశాస్త్రకర్త, నీతికథకుడు అయిన మ్ఖితార్ గోష్ 12వ శతాబ్ది చివర అక్కడ మఠం కట్టించి విద్యాకేంద్రంగా తీర్చాడు. ఆ మఠానికీ ఊరికీ ఆయన పేరే నిలిచింది. ఇక్కడ జరిగింది వేరు. ఆచార్యుడు పెట్టిన 'విశ్వేశ్వర గోళకి' పేరును ఊళ్లు పట్టించుకోలేదు. మందడం మందడంగానే ఉంది. ఇప్పుడు సచివాలయం ఉన్న ఊరి పేరు, 1261లో లాగే, వెలగపూడి.