పింగాణి పొరయందలి దినచర్య

నార్సింగి చుట్టుపట్ల సౌధముల పునాదులకై పగులగొట్టుచున్న బండలు సుమారు 250 కోట్ల యేండ్ల నాటి గ్రానైటు శిలలు గనుక, వానియందు జంతువుల యవశేషములను వెదకుట వ్యర్థము. కాని చేవెళ్ళ మీదుగా పడమరకు సాగినచో, ఆ గ్రానైటును దక్కను లావా కప్పివేసిన సీమ యెదురగును. ఆ లావా పొరల నడుమ చిక్కుకొనిన సరస్సుల ఒండ్రులో, వికారాబాదు ప్రాంతపు నస్కల్ వద్ద దొరికిన డెక్కనోలెస్టిస్ అను చిరుజీవిని 1988లో జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని లోకమునకు తెలిపిరి. మన దేశమున క్రిటేషియస్ యుగపు క్షీరదము బయల్పడుట అదియే ప్రథమము. దాని ఉనికిని చాటినవి మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల దంతములు! దేహమునందలి సమస్త ధాతువులలోను పంటిపై నుండు పింగాణి పొర కఠినతమము. ఎముక చివికిపోయినను పన్ను నిలుచును.

తోకలేని వానరముల శిలాజములు మాత్రము మన దక్కనులో గాక, హిమాలయ పాదమందలి శివాలిక్ కొండలలో దొరకినవి. హరితల్యాంగర్ వద్ద 1932లో లభించిన రామాపిథెకస్ దవడను, దాని ఆకృతిని, మందమైన పింగాణిని చూచి, పండితులు చిరకాలము మానవుని పూర్వజునిదిగా నెంచిరి. పిదప పాకిస్తానమున దొరకిన ముఖాస్థులు ఒరాంగుటాన్‌ను పోలియుండుటచే, అది శివాలిక్ వానరమైన శివపిథెకస్‌లోనే లీనమైపోయినది. వెలుపలి రూపము అంతటివారినే ఏమరించినదన్నచో, లోపలి నిర్మాణమును పరిశీలింపక తప్పదని నా దృఢవిశ్వాసము.

ఆ పరిశీలన యిట్లు సాగును. పంటిని రెసిన్‌లో పొదిగి, శిఖరము గుండా వజ్రపు రంపముతో కోసి, ఆ బిళ్ళను మిల్లీమీటరులో పదవవంతు మందమునకు అరగదీసి, ధ్రువిత కాంతిలో సూక్ష్మదర్శిని క్రింద నుంచుదురు. అప్పుడు పింగాణి క్రిందనుండు డెంటిన్ అంచునుండి ఉపరితలము దాక సన్నని కడ్డీలు బారులుదీరి కనుపించును. ఒక్కొక్క కడ్డీకి అడ్డముగా వెలుగు నీడల చారలు, చారకు ఒక దినము చొప్పున, చెట్టు కాండమునందలి వలయముల వలె వరుసగా నుండును. తెలిసిన తేదీలలో రంగు మందులిచ్చిన కోతుల దంతములలో ఆ గుర్తుల నడుమ చారలను లెక్కించి, ఇది దినచర్యయే యని నిర్ధారించిరి. కొన్ని దినముల కొకమారు రెట్జియస్ రేఖ యను ముదురు గీత పడును; మానవులలో ఆ యెడము 6 మొదలు 12 దినముల దాక నుండును. మొదటి చర్వణకమున మరియొక గీత గలదు. అది శిశువు భూమిపై పడిన నాటి గుర్తు. ఆ గీతనుండి తుది చార వరకు లెక్కించుకొని పోయినచో, పసితనముననే మరణించిన ప్రాణి యెన్ని దినములు బ్రతికినదో తేలును. లక్షల యేండ్ల క్రిందట గతించిన బిడ్డ వయస్సు దినముల లెక్కన తెలియుట కంటె ఆశ్చర్యమేమున్నది?

దక్షిణాఫ్రికాలో 1924లో దొరకిన టాంగ్ శిశువను పురాతన మానవవంశీయ శిలాజమును ఆరేండ్ల దానిగా భావించుచుండగా, పిదప శాస్త్రజ్ఞులు పింగాణి రేఖలను లెక్కించి దాని వయస్సు నాలుగేండ్లకు లోపేననిరి. నేటి మానవ శిశువునకు మొదటి చర్వణకము ఆరేండ్ల ప్రాంతమున మొలచును. శివపిథెకస్‌కు మూడు నాలుగేండ్ల నడుమనే, అనగా నేటి మహావానరముల ఫక్కిలోనే, మొలచినది. కావున అనేక విద్యలు నేర్చుకొనుటకు అవకాశమిచ్చు మన సుదీర్ఘ బాల్యము, ఆ వానరముల నాటికి ఏర్పడలేదు.

అపురూపమైన శిలాజమును కోయుటకు మ్యూజియముల వారు సంకోచించుట న్యాయమే. ఫ్రాన్సునందలి గ్రెనోబుల్ సింక్రోట్రాన్‌లో నేడు తీవ్రమైన ఎక్స్-కిరణములతో పంటిని కోయకయే దిన దినపు చారలను చూడగలుగుచున్నారు. లెక్క ముగిసిన పిమ్మట పన్ను గీటైనను పడక తన పెట్టెకు మరలును.