ఊరి పోలీసు: రూపమూ సారమూ

మన దగ్గర పోలీసుశాఖ రాష్ట్ర ప్రభుత్వానిది. ఏ మునిసిపాలిటీకీ సొంత పోలీసులుండరు. అమెరికాలో అలా కాదు. చిన్న ఊరు కూడా తన పోలీసుశాఖను తానే నడుపుకోవచ్చు. అక్కర్లేదనుకుంటే ఎత్తివేసి, మన జిల్లా వంటి ‘కౌంటీ’కి డబ్బు కట్టి ఆ పని అప్పగించవచ్చు. అందుకే పోలీసులు మనవాళ్లే కావాలా, బయటివాళ్లయినా ఫరవాలేదా అన్న చర్చ అక్కడి ఊళ్లలో లేస్తూ ఉంటుంది. దీనితో సాహిత్య విమర్శకు పనేమిటని అడగవచ్చు. ఉందనే నా అభిప్రాయం.

మిసోరీ రాష్ట్రంలో, సెయింట్ లూయీ నగరం పక్కన ఫెర్గూసన్, జెన్నింగ్స్ అని రెండు ఇరుగుపొరుగు ఊళ్లున్నాయి. రెంటిలోనూ నల్లజాతివారే ఎక్కువ. 2014 ఆగస్టు 9న ఫెర్గూసన్‌లో మైకేల్ బ్రౌన్ అనే 18 ఏళ్ల నల్లజాతి యువకుణ్ణి ఒక తెల్ల పోలీసు కాల్చి చంపాడు. ఆందోళన చెలరేగింది. 2015 మార్చిలో అమెరికా న్యాయశాఖ ఆ ఊరి పోలీసుల మీద వంద పేజీలకు పైబడిన నివేదిక వెలువరించింది. నేను దాన్ని ఒక రచనగా చదివాను.

అందులో పేరు చెప్పని ఒక స్త్రీ కథ ఉంది. 2007లో ఆమె నిలపకూడని చోట ఒకసారి కారు నిలిపింది. జరిమానా 151 డాలర్లు, పైన రుసుములు. కట్టలేక వాయిదాలు తప్పింది. రెండుసార్లు అరెస్టయింది. ఆరు రోజులు జైల్లో గడిపింది. ఒకసారి 25, ఒకసారి 50 డాలర్లు కట్టబోతే, మొత్తం కాదని కోర్టు తిప్పి పంపింది. 2014 చివరికి 550 డాలర్లు కట్టింది. ఇంకా 541 డాలర్లు బాకీ!

ఇది చదువుతుంటే నాకు కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’ గుర్తుకొచ్చింది. అక్కడ అప్పల్రాముడి అప్పు మీద తీర్పు చెప్పేది బయటి కోర్టు కాదు. ఊరి సొంత పంచాయతీ. శ్రీరాములునాయుడు దుర్మార్గుడుగా కనిపించడు. పద్ధతి అంతా మర్యాదగానే నడుస్తుంది. చివరికి సీతారాముడు తన బిడ్డను తానే చంపుకుంటాడు. ‘మన పంచాయతీ’ అన్నప్పుడు ఆ ‘మన’లో అప్పల్రాముడు ఎక్కడున్నాడు? ‘మన పోలీసు’ అన్నప్పుడు ఆ ‘మన’లో కారు నిలిపిన స్త్రీ ఎక్కడుంది?

ఇక్కడ నేను ఆత్మవిమర్శ చేసుకోవాలి. పోలీసు వచ్చే ప్రతి కథకూ నా విద్యార్థుల చేత పాత్రచిత్రణ రాయించాను. ఈ హెడ్డు లంచగొండి, ఆ ఇన్‌స్పెక్టరు క్రూరుడు అని రాసినవాళ్లకు మంచి మార్కులు వేశాను. ఫెర్గూసన్ నివేదికలో ప్రతినాయకుడు వ్యక్తి కాడు, మునిసిపల్ బడ్జెట్టు. ఈ ఏడాది ముగిసేలోగా చలానాలు బాగా పెంచకపోతే వచ్చే ఏడాది వసూళ్లు పెంచడం కష్టమని 2010 మార్చిలో ఊరి ఆర్థికాధికారి పోలీసు అధిపతికి రాశాడు. జనాభాలో నల్లవారు 67 శాతం; 2012-14 మధ్య అరెస్టుల్లో 93 శాతం. జాతి వివక్షా, ఖజానా ఆకలీ అక్కడ విడివిడిగా లేవు.

మరి సొంత పోలీసులను తీసేస్తే సరిపోతుందా? జెన్నింగ్స్ ఆ పని ముందే చేసింది. తెల్ల పోలీసులకూ నల్ల ప్రజలకూ మధ్య పొసగక, 2011లో కౌన్సిలు ఆరు ఓట్లతో, ఒకరు మాత్రమే కాదనగా, శాఖను రద్దు చేసి కౌంటీకి అప్పగించింది. కాని ఊరి కోర్టు ఊరి చేతిలోనే ఉండిపోయింది. జరిమానాలు కట్టలేని పేదలను జైల్లో పెట్టారని 2015లో దావా పడితే, 2016లో ఆ ఊరు 47 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. యూనిఫారం మారింది, సారం మారలేదు.

అయితే రాజ్యం ఎక్కడైనా ఒకటే, ఎవరు నడిపితేనేం అని తేల్చేసే మిత్రులతోనూ నేను ఏకీభవించలేను. 2016 ఫిబ్రవరిలో సంస్కరణల ఒప్పందం ముందుకొచ్చినప్పుడు ఫెర్గూసన్ కౌన్సిలు ఒక మెలిక పెట్టింది: రేపు ఈ పని మరో సంస్థ చేపడితే ఈ షరతులు దానికి వర్తించకూడదు. మర్నాడే న్యాయశాఖ దావా వేసింది. మార్చిలో కౌన్సిలు దిగివచ్చింది. అంటే ‘ఎవరు నడపాలి’ అన్న ప్రశ్న తప్పించుకునే దారి కూడా కాగలదు. ఆ దారిని మూయడం కూడా పోరాటమే.

రావిశాస్త్రి గారు ‘ఆరు సారా కథలు’లో ఈ సంగతి మనకెప్పుడో చూపారు. నిషేధ చట్టం ఎవరిని నేరస్థుల్ని చేస్తుందో, ఎవరిని బతికిస్తుందో ఆ కథలు లెక్కగట్టి చెబుతాయి. ఈనాటి మన పోలీసు కథల్లో చాలావాటికి లాఠీ కనిపిస్తుంది కాని రసీదు పుస్తకం కనిపించదు. లాఠీని చూపితే కోపం వస్తుంది. రసీదు పుస్తకాన్ని కూడా చూపితే ఆ కోపానికి దిశ దొరుకుతుంది. యువరచయితలు ఈ విషయం ఆలోచించాలి.

నా వంతుగా, పరీక్ష ప్రశ్న మారుస్తున్నాను. ఇన్‌స్పెక్టరు స్వభావాన్ని వివరించమని ఇక అడగను. ఈ కథలో జరిమానా ఎవరు కట్టారు, అది ఎవరికి చేరింది అని అడుగుతాను.