ధైర్యం చెప్పే విద్య

దిగులుగా ఉన్న మనిషి కనిపిస్తే మన నోట ముందుగా వచ్చే మాట "ఏం కాదులే". ప్రేమతోనే అంటాం. ఆ మాటకు అవతలి మనిషి చెప్పబోయింది మింగేస్తాడు. దిగులు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. ధైర్యం చెప్పడం ఒక విద్య అని నేను పల్నాడు మిరప తోటల దగ్గర తెలుసుకున్నాను.

2021లో మిరప మీద నల్ల తామర పురుగు పడింది. ఆకుకు పైముడత తెచ్చే తామర పురుగు రైతుకు పాత శత్రువే. ఈ నల్లది మాత్రం నేరుగా పూతలో చేరింది. పువ్వు విప్పితే లోపల నల్లగా కదులుతూ కనిపించేది. పూత రాలిపోయింది, పిందె నిలవలేదు. అదేం పురుగో తెలియక, రైతులు భయం కొద్దీ రెండు మూడు మందులు కలిపి కొట్టారు. పువ్వులో దాగిన పురుగుకు మందు సరిగా అందలేదు. దాన్ని తినే మిత్ర పురుగులు చచ్చాయి. మందుల కొట్టులో బాకీ పెరిగింది. కౌలు రైతుకైతే పంట చేతికి రాకున్నా కౌలు కట్టక తప్పదు.

అలాంటి మనిషితో ఏం కాదనడం అబద్ధం, తోట పోయినట్టేననడం దయలేనితనం. అప్పుడు అక్కరకొచ్చేది విషయం తెలిసిన మాట. ఈ నల్ల తామర పురుగు 2015లో బెంగళూరులో బొప్పాయి మీద మన దేశంలో తొలిసారి గుర్తించినది. పూలలో పెరుగుతుంది, కోశ దశ నేలలో గడుపుతుంది. నీలి రంగు జిగురు అట్టలు పెట్టాలి, వేపనూనె కొట్టాలి, యూరియా తగ్గించాలి, మందులు ఇష్టమొచ్చినట్టు కలపకూడదు. ఇవన్నీ చేసినా పంటంతా దక్కుతుందని ఎవరూ మాట ఇవ్వలేరు, ఆ సంగతీ దాచకూడదు. అయినా తెల్లవారితే చేలో ఏం చెయ్యాలో తెలిసిన రైతుకు కాస్త కాలూచేయీ ఆడుతుంది.

అయితే చెప్పేముందు వినాలి. ఎన్నెకరాలు వేశాడు, కౌలెంత, అప్పు ఎవరి దగ్గర తెచ్చాడు అని అడిగితేనే అసలు భయం పురుగు గురించో, పిల్ల పెళ్లి గురించో బయటపడుతుంది. బతుకు మీదే విరక్తి పుట్టిందని తోస్తే ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. మానసిక సాయం అందించే టెలీ మానస్ నంబరు 14416కు పక్కనే కూర్చుని ఫోను కలపాలి. డబ్బు కట్టనక్కర్లేదు, పగలూ రాత్రీ తెలుగులోనే మాట్లాడతారు.

వారం తిరిగేలోగా మళ్లీ ఆ చేలోకి వెళ్లాలి. పూత చూడాలి, చెప్పింది పనిచేయకపోతే ఇంకో దారి వెతకాలి. వ్యవసాయ శాఖ సిబ్బందైనా, పక్క చేను రైతైనా, మనమైనా అంతవరకూ చేస్తేనే ధైర్యం చెప్పినట్టు.