పాస్కల్ పాఠములో కనిపించని ఉంగరము

హైస్కూలులో పాస్కల్ నియమము చెప్పునపుడు నల్లబల్లపై గీయు బొమ్మ మనకందరకు తెలిసినదే. ఒక సన్నని గొట్టము, ఒక వెడల్పు గొట్టము, రెంటిని కలుపు దారి, రెంటిలోను పిస్టన్లు. చిన్న పిస్టనును కొద్ది బలముతో నొక్కినచో పెద్ద పిస్టను పెద్ద బరువు నెత్తును. లెక్క సరిపోవును, మార్కులును వచ్చును. కాని ఆ బొమ్మను చూచి ఎవరైన యంత్రము చేసినచో అది బరువు నెత్తదు, నూనెను నేలపాలు చేయును. పిస్టనుకు, గొట్టపు గోడకు నడుమనున్న సందును మూయునది ఏదియు అందులో లేదు. ఈ లోపము చిన్నది కాదని నా అభిప్రాయము.

పాస్కల్ నియమము మూసిన పాత్రలోని ద్రవమును గురించినది. "మూసిన" అను మాటను విద్యార్థులచే వల్లె వేయింతుము గాని, మూయునది ఏదో చూపము. పాస్కల్ గ్రంథము ఆయన మరణానంతరము 1663లో వెలువడినది. జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు పొందినది 1795లో. ఆ ప్రెస్సుకు చిక్కు తెచ్చినది నియమము కాదు, నీరు కారుట. పిస్టను చుట్టు గట్టిగా కుక్కినచో నీరు ఆగును గాని పిస్టను వెనుకకు రాదు. వదులుగా కుక్కినచో నీరే ఆగదు. చివరకు గిన్నెవంటి తోలు సీలు ఈ చిక్కు విప్పినది. ఆ కీర్తిని బ్రామా వద్ద పనిచేసిన హెన్రీ మాడ్‌స్లేకు ఇచ్చుట వాడుక. నీటి పీడనమే తోలు అంచును గోడకు అదుమును. పీడనము తగ్గగానే పట్టు సడలును.

జహీరాబాదు ఉపాధ్యాయులకు ఈ సంగతి మరింత దగ్గరిది. 2013లో అక్కడ మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారము ప్రారంభమైనది. ఆ ప్రాంతపు చెరకు పొలాలలో ట్రాక్టరు నాగలిని పైకెత్తుట ఈ నియమము వలననే. 5 సెంటీమీటర్ల వ్యాసముగల పిస్టను వైశాల్యము సుమారు 19.6 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 150 కిలోల పీడనమున్నచో అది దాదాపు 2,940 కిలోల బలము నిచ్చును. ఇంతవరకు విద్యార్థులు చేయగలరు. అదే పీడనము సీలును ఎటు తోయును అను ప్రశ్న మాత్రము మనము వేయము.

నేడు విరివిగా వాడు సీలు ఓ-రింగు. ఇది గాడిలో కూర్చుండి, కొంచెము నలిగి, సందును మూయు రబ్బరు ఉంగరము. సాధారణపు గట్టిదనము గల రబ్బరు చదరపు సెంటీమీటరుకు సుమారు 100 కిలోల పీడనము వరకు నిలుచును. అది మించినచో, సందు వెడల్పును బట్టి, రబ్బరు సందులోనికి చొరబడి, కొరికినట్లు తెగిపోవును. అందుకే టెఫ్లాన్ వంటి గట్టి పదార్థముతో చేసిన బ్యాకప్ రింగును దాని ప్రక్కన అమర్చుదురు. ఇది నూనెను ఆపుటకు కాదు, రబ్బరును ఆపుటకు. కనుక దాని చోటు పీడనము వచ్చువైపున కాక, అవతలి వైపున. పీడనము రెండు వైపులనుండి వచ్చుచోట ఓ-రింగుకు ఇరుప్రక్కల రెండు కావలెను.

పని నేర్పుచోట మరియొక లోపము తరచు కనిపించును. జాగ్రత్తలు వరుసగా చెప్పుదురు గాని కారణము చెప్పరు. స్క్రూడ్రైవరు మొనతో రింగును ఎక్కించరాదు. వెంట్రుకవంటి గీతయైనను నూనెకు దారి యగును. మరలమీదుగా జార్చునపుడు వాటిని పలుచని తొడుగుతో కప్పవలెను. లేనిచో వాటి అంచులు రబ్బరును కోయును. యంత్రములో వాడు నూనెనే ముందుగా రింగుకు పూయవలెను. పొడి రబ్బరు దొర్లి మెలిపడును. ఖనిజతైలమునకు నైట్రైల్ రబ్బరు తగును, ఇ.పి.డి.ఎం. రబ్బరు అందులో ఉబ్బిపోవును. నూనె కారుచోటును చేతితో తడిమి వెదకరాదు. సన్నని రంధ్రమునుండి చిమ్ము నూనె చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. అట్లు జరిగినచో గాయము సూదిపోటంతే కనిపించినను వెంటనే వైద్యుని చూడవలెను.

పాఠ్యపుస్తకము మెకానిక్కుల పుస్తకము కాదు గదా యని కొందరు అనవచ్చును. నిజమే. నియమమును తేటపరచుటకు బొమ్మను సులభము చేయక తప్పదు. కాని ఘర్షణను విడిచినపుడు "ఘర్షణ లేదనుకొనుము" అని చెప్పుచున్నాము. సీలును విడిచినపుడు ఆపాటి మాటయైనను చెప్పుట లేదు.

దీనికి ఖర్చు స్వల్పము. సూదులు తీసిన కొత్త సిరంజీలు రెండు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, నీరు నింపి సన్నని గొట్టముతో కలుపుడు. పాస్కల్ నియమము కనబడును. పిదప ఒకదాని పిస్టను చివరనున్న నల్లని రబ్బరును తీసి మరల నొక్కించుడు. నీరు వెనుకకు కారును, రెండవ పిస్టను సరిగా కదలదు. అప్పుడు బొమ్మలో పిస్టను చుట్టు రెండు నల్లని చుక్కలు పెట్టించి, పీడనము ఎడమనుండి వచ్చుచుండగా బ్యాకప్ రింగు ఎటు ఉండవలెనో అడుగుడు. కుడివైపున అని కారణముతో చెప్పిన విద్యార్థికి నియమము అర్థమైనట్లే.